తిన్నవా అంటే విసుక్కోకండి

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. వత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే సర్దుకోండి. ఇంగ్లీషులో రాస్తే నాకు ఈజీ అయ్యేది. కానీ ఇందులో మా పెద్దమ్మ మాటలున్నాయి, అవి ఇంగ్లీషులోకి రావు.

2025 మే 7 పొద్దున లేచేసరికి ఆపరేషన్ సిందూర్ వార్త. హాస్టల్ మొత్తం ఫోన్లలోనే ఉంది. మా రూమ్‌మేట్‌ది వనపర్తి దగ్గర ఊరు. వాళ్ళన్న ఆర్మీలో ఉన్నాడు, అప్పుడు పోస్టింగ్ జమ్ము వైపు. ఆ నాలుగు రోజులు వాళ్ళమ్మ మావాడికి గంటకోసారి ఫోన్. ఎత్తితే ఒక్కటే ప్రశ్న: "తిన్నవా బిడ్డా?" మధ్యాహ్నం మూడింటికి అదే, రాత్రి పదకొండింటికి అదే. మావాడు రెండో రోజుకే విసిగిపోయాడు. "మా మమ్మీకి పనేం లేదురా, తిన్నా అని ఎన్నిసార్లు చెప్పాలి" అని ఫోన్ సైలెంట్‌లో పెట్టాడు.

నేను వాణ్ణి తిట్టలేదు. ఎందుకంటే మూడేళ్ళ కింద నేనూ అంతే. పెద్దకొడుకు ఫోన్ కలవట్లేదు కాబట్టి ఆమె చిన్నకొడుక్కి చేస్తోందని నాకు అర్థమవడానికి కారణం మా పెద్దమ్మ. ఆ సంగతి రాయాలనే ఈ ఆర్టికల్.

*

మాది నాగర్‌కర్నూల్. మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు మా ఇంటి పక్క సందులోనే. అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేది. ఇక్కడ గవర్నమెంట్ సీటుకి ర్యాంకు సరిపోలేదు, ప్రైవేటు సీటుకి డబ్బు సరిపోలేదు. ఉక్రెయిన్‌లో చదివే మనవాళ్ళలో చాలామంది కథ ఇదే. విచిత్రం ఏంటంటే అదే 2022 నవంబరులో మా నాగర్‌కర్నూల్‌కి గవర్నమెంట్ మెడికల్ కాలేజ్ వచ్చింది, వనపర్తికి కూడా. పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది, "నాలుగేండ్లు ముందొస్తే ఏమైతుండె" అని.

2022 ఫిబ్రవరి 24, గురువారం. అక్కడ తెల్లారుజాము, ఇక్కడ టిఫిన్ టైమ్. అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. అక్క నుంచి వాయిస్ మెసేజ్: "అమ్మా, బయట పెద్ద సౌండ్లు వస్తున్నయ్. మేం కిందికి పోతున్నం. నువ్వు టీవీ చూడకు." పెద్దమ్మ వెంటనే టీవీ పెట్టింది. ఏ అమ్మయినా అదే చేస్తుంది.

నేనప్పుడు టెన్త్. పెద్దనాయిన షాపుకి పోయేవాడు. ఇంట్ల కూర్చోలేకే పోతున్నాడని అప్పుడు నాకు తెలియదు. పెద్దమ్మకి తోడుగా నన్ను పెట్టారు. అసలు పెట్టింది తోడుకి కాదు, టెక్ సపోర్ట్‌కి. ఎంబసీ అడ్వైజరీలు చదవాలి, ఫామ్‌లు నింపాలి, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఏది నిజమో ఏది ఫేకో చెప్పాలి.

ఆ పది పన్నెండు రోజులు పెద్దమ్మ ఏం చేసిందో నేను దగ్గరుండి చూశాను. చెప్తే చిన్న విషయాలే.

ఫోన్ ఎప్పుడూ 100 శాతం ఉండాలి. 92కి దిగితే చార్జర్ పెట్టేది. హాల్‌లో సిగ్నల్ బాగుండే మూల ఒకటి కనిపెట్టి అక్కడికి పీట మార్చింది. చింతపండు సీజన్ కాబట్టి అవ్వవాళ్ళ ఊరి నుంచి రెండు గోనె సంచుల చింతకాయ వచ్చింది. దాన్ని కొట్టడం, గింజ తీయడం, ఈనెలు తీయడం. అంత చింతపండు మా రెండిళ్ళకీ కలిపి రెండేళ్ళు తిన్నా అయిపోదు. పక్కింటివాళ్ళది కూడా తెచ్చుకుని తీసిచ్చింది. అందరికీ వేళకి అన్నం వండేది, తను మాత్రం నాలుగు ముద్దలు తిని లేచేది. అక్క ఫోన్ కలిస్తే అడిగేది ఒక్కటే. "తిన్నవా? ఏం తిన్నవ్?"

నాకు చిరాకు వచ్చేది. బంకర్‌లో ఉన్న మనిషిని బోర్డర్ గురించి అడగాలి, పాస్‌పోర్ట్ ఉందా, డబ్బులున్నాయా, ఎవరితో ఉన్నావ్ అని అడగాలి. రెండు నిమిషాల కాల్‌లో ఒకటిన్నర నిమిషం బ్రెడ్డు గురించేనా? "పెద్దమ్మా, ఇంపార్టెంట్ విషయాలు అడుగు" అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆమె ఏమీ అనలేదు. చింతపండు ముందుకి జరిగి కూర్చుంది.

*

మార్చి 1, మంగళవారం. ఆ రోజు మహాశివరాత్రి. పెద్దమ్మ ఒక్కపొద్దు. స్కూల్ సెలవు, నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ఫోన్‌లో వార్త చూశాను. ఖార్కివ్‌లో షెల్లింగ్‌లో ఒక ఇండియన్ స్టూడెంట్ చనిపోయాడు. కర్ణాటక హావేరి జిల్లా అబ్బాయి నవీన్, మెడిసిన్ ఫోర్త్ ఇయర్. తినడానికి సామాను తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళి లైన్‌లో నిలబడ్డప్పుడు జరిగిందని రాశారు.

నా చేతులు చల్లబడ్డాయి. మొదట చేసిన పని ఏంటో తెలుసా? సెట్‌టాప్ బాక్స్ వైరు పీకేశాను. "పెద్దమ్మా, కేబుల్ పోయింది" అన్నాను. "పోతే పోనీ తియ్యి" అంది. పెద్దవాణ్ణయిపోయినట్టు ఫీలయ్యాను. ఆమెని కాపాడాను అనుకున్నాను.

సాయంత్రం అక్క కాల్ కలిసింది. పెద్దమ్మ ఆ రోజు "తిన్నవా" అని అడగలేదు. మొదటిసారి. "ఆకలైతే నీళ్ళు తాగి పండుకో. ఎవ్వరు పిలిచినా బయటికి పోకు బిడ్డా. తిండికని అస్సలు పోకు" అంది.

అప్పుడు నాకు తెలిసింది, ఆమెకి తెలుసని. పక్కింట్లో టీవీ ఉంది కదా. నాకంటే ముందే చూసి వచ్చిందట. చాలా రోజుల తర్వాత నేనే అడిగాను, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని. "నువ్వు దాస్తున్నవని తెలుసు. నీకు తెల్వదేమో, భయపడ్తవేమో అని నేను గూడ అనలే. నువ్వు చిన్నపోరనివి కద" అంది.

అంటే ఆ రోజంతా ఒకే హాల్‌లో కూర్చుని నేను ఆమె కోసం దాచాను, ఆమె నా కోసం దాచింది. ఇద్దరం ఒంటరిగా భయపడ్డాం. వైరు పీకి నేను కాపాడింది ఎవర్ని?

ఆ రాత్రి ఊళ్ళో గుడి దగ్గర భజనలు, జాగారం. పెద్దమ్మ గుడికి పోలేదు, సిగ్నల్ మూలలోనే కూర్చుంది. మరుసటి రోజు ఇంకా ఘోరం. ఖార్కివ్‌లో ఉన్న ఇండియన్స్ వెంటనే, నడిచైనా సరే, సిటీ వదిలి పెసోచిన్, బాబాయి, బెజ్లుడోవ్కా అనే ఊళ్ళకి వెళ్ళిపోవాలని ఎంబసీ చెప్పింది. గడువు అక్కడి టైమ్ సాయంత్రం 6, మనకి రాత్రి 9:30. పెసోచిన్ రైల్వే స్టేషన్ నుంచి 11 కిలోమీటర్లు. మంచులో నడక. అక్క బయల్దేరిందని మెసేజ్ వచ్చింది, తర్వాత ఏమీ లేదు. తెల్లారేదాకా సింగిల్ టిక్.

పెద్దమ్మకి టైపింగ్ రాదు. ఆ రాత్రి పద్నాలుగు వాయిస్ మెసేజ్‌లు పంపింది. పొద్దున పెసోచిన్‌లో ఫోన్ ఆన్ చేయగానే అన్నీ ఒకేసారి వచ్చాయంట అక్కకి. మొదటి దాంట్లో భయం, మూడో దాంట్లో తిట్లు, ఎనిమిదో దాంట్లో మా చింతపండు సంగతి, చివరి దాంట్లో ఉత్త "బిడ్డా" అని. ఏడుస్తూ నవ్వానని అక్క చెప్పింది.

అక్క మార్చి రెండో వారంలో వచ్చింది. ఆపరేషన్ గంగ కింద 90 విమానాల్లో 18 వేల మందికి పైగా వెనక్కి వచ్చారు. అందులో మా అక్క ఒకతి. ఢిల్లీలో తెలంగాణ భవన్‌లో అన్నం పెట్టారంట. శంషాబాద్‌లో దిగగానే పెద్దమ్మ ఏం అడిగిందో చెప్పక్కర్లేదు.

*

ఇప్పుడు నా పాయింట్‌కి వస్తాను.

బీటెక్‌కి వచ్చాక సైకాలజీ గురించి కొంచెం చదివాను. లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు 1984లో ఒత్తిడి గురించి ఒక పుస్తకం రాశారు. మనుషులు ఒత్తిడిని రెండు రకాలుగా ఎదుర్కొంటారని చెప్పారు. ఒకటి, సమస్యనే మార్చే ప్రయత్నం. రెండోది, సమస్య మన చేతిలో లేనప్పుడు మన మనసుని నిలబెట్టుకునే ప్రయత్నం. నాగర్‌కర్నూల్‌లో కూర్చుని ఖార్కివ్ యుద్ధాన్ని మా పెద్దమ్మ ఆపలేదు. ఫోన్ చార్జింగ్ 100 ఉంచగలదు, చింతపండు గింజ తీయగలదు, ఒక్కపొద్దు ఉండగలదు. నేను వాటిని టైమ్‌పాస్ అనుకున్నాను, కొన్నింటిని మూఢనమ్మకం అనుకున్నాను. కాదు. చేతులకి పని లేకపోతే ఆ బుర్ర ఎక్కడికి పోతుందో ఆమెకి తెలుసు. పుస్తకం చదవకుండానే తెలుసు.

ఇంకొకరు పాలీన్ బాస్. వియత్నాం యుద్ధంలో కనపడకుండా పోయిన అమెరికన్ సైనికుల కుటుంబాల్ని 1970ల్లో స్టడీ చేశారు. మనిషి ఉన్నాడో లేడో తెలియని స్థితి చావు కంటే వేరే రకం బాధ అని, దానికి ఏడ్చి ముగించే దారి కూడా ఉండదని ఆమె చెప్పారు.

దీన్ని మన సీఎస్ఈ భాషలో చెప్తాను. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో హార్ట్‌బీట్ అని ఉంటుంది. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి కొన్ని సెకన్లకోసారి చిన్న మెసేజ్ పంపుతూ ఉంటుంది. అందులో మేటర్ ఏమీ ఉండదు. 'ఉన్నాను' అని చెప్పడమే దాని పని. అది వరుసగా రాకపోతే అవతలిది పడిపోయిందని ఇవతలిది అనుకుంటుంది. చిక్కేంటంటే, అవతలిది నిజంగా పడిపోయిందా, మధ్యలో నెట్‌వర్క్ పోయిందా అన్నది ఇవతల నుంచి కనిపెట్టలేం. రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ సింగిల్ టిక్ రాత్రి పెద్దమ్మ ఉన్నది సరిగ్గా అక్కడే. "తిన్నవా" అనేది మెనూ గురించి ప్రశ్న కాదు. అది హార్ట్‌బీట్. జవాబులో ఏముందన్నది కాదు, జవాబు వచ్చిందా అన్నదే ముఖ్యం.

మరి మనం అమ్మలకి ఏం చేస్తున్నాం? రెండు తప్పులు చేస్తున్నామని నా అభిప్రాయం.

మొదటిది దాచడం. "అమ్మకి చెప్తే బీపీ పెరుగుతది" అంటాం. నిజమే, పెరుగుతుంది. కానీ చెప్పకపోతే తగ్గుతుందా? వార్త ఏదో ఒక దారిలో వస్తుంది, పక్కింటి టీవీ నుంచో, ఫార్వర్డ్ నుంచో. అప్పుడు ఆమెకి ఆ వార్తతో పాటు ఇంకో భారం కూడా వస్తుంది, తనకి తెలుసని మన ముందు కనపడకుండా ఉండటం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ 1943లో తమ పరిశీలనలు పుస్తకంగా వేశారు. బాంబుల కింద కూడా పిల్లల భయం చాలావరకు పక్కనున్న తల్లి భయాన్ని బట్టి ఉంటుందని అందులో చెప్పారు. ఇది అమ్మలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే మా పెద్దమ్మ నా ముందు మామూలుగా ఉంది. కానీ ఆ 'మామూలు'కి ఎంత ఖర్చయిందో మనం లెక్క వేయం.

రెండో తప్పు పొగడటం. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది మన సైనికులు చనిపోయారు. అందులో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట ఆయన. వాళ్ళమ్మ మంజుల గారు మీడియాతో రెండు విషయాలు చెప్పారు. తల్లిగా బాధ ఉందని, దేశం కోసం ప్రాణం ఇచ్చినందుకు గర్వంగా ఉందని. నాకు వచ్చిన ఫార్వర్డ్‌లలో ఆ రెండోదే ఉంది, పైన 'వీరమాత' అని పెద్ద అక్షరాలు. 2021 నవంబరులో మహావీర చక్ర తీసుకోవడానికి ఆమె కోడలితో కలిసి రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళారు. ఆ ఫోటోకి మనమంతా సెల్యూట్ ఎమోజీలు పెట్టాం. గౌరవించడం తప్పని నేననను. కానీ వీరమాత అన్నాక ఆమె ఎక్కడ ఏడవాలి? పతకం పట్టుకుని నిలబడ్డ మనిషిని "ఎట్లున్నవ్ అమ్మా" అని ఎవరడుగుతారు? బాధ అనే మొదటి ముక్కని కోసేసి గర్వం అనే ముక్కని షేర్ చేయడం మన సౌకర్యం కోసమే.

ఇది సైనికుల ఇళ్ళ సంగతి మాత్రమే అనుకోకండి. మన పాలమూరు తల్లులు ఎదురుచూడటంలో సీనియర్లు. డ్యామ్‌ల పనులకి, ముంబైకి, పుణెకి వలసపోయిన వాళ్ళ కోసం తరాలుగా చూశారు. ఇప్పుడు ఆ వలస యుద్ధాల్లోకి కూడా పోతోంది. మన పక్క నారాయణపేట యువకుడొకరు రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగం అని ఏజెంట్లు చెప్తే నమ్మి వెళ్ళి, ఉక్రెయిన్ యుద్ధంలోకి నెట్టబడి, 2024 సెప్టెంబరులో బతికి ఇంటికొచ్చాడు. ఆ నెలలన్నీ ఇక్కడ అతని తల్లికి ఎన్ని సింగిల్ టిక్ రాత్రులో. అలాగే పోయిన హైదరాబాద్ యువకుడొకరు 2024లో అక్కడే చనిపోయాడు.

యుద్ధం జరిగే చోట ఉన్న తల్లుల సంగతి ఇంకా వేరు. అక్క వాళ్ళ బేస్‌మెంట్‌లో ఒక ఉక్రెయిన్ ఆవిడ ఉండేదంట. రోజంతా ఆలుగడ్డల పొట్టు తీస్తూ కూర్చునేది, అక్కడున్న అందరికీ సూప్ చేసేది. 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు దేశం దాటకూడదని యుద్ధం మొదలైన రోజే వాళ్ళ గవర్నమెంట్ ఆర్డర్ వేసింది. ఆమె కొడుకు వయసు 20. బోర్డర్ దాకా పోయే దారున్నా ఆమె పోలేదు. అక్క ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె ఆలుగడ్డ, నేను చింతపండు" అంది. మా ఇంట్లో దీపం పెట్టినప్పుడు ఇప్పటికీ ఆ పేరు తెలియని అవ్వ కొడుకు కోసం ఒక దండం పెడుతుంది.

*

అక్క ఇంటికొచ్చాక కథ అయిపోయిందని అందరం అనుకున్నాం. కాలేదు. అక్క కోసం చుట్టాలొచ్చారు, లోకల్ రిపోర్టర్లు వచ్చారు. పెద్దమ్మ అందరికీ చాయ్ పెట్టింది. నెల తర్వాత, అంతా సద్దుమణిగాక, ఆమెకి నిద్ర పోవడం ఆగిపోయింది. రాత్రి రెండింటికి లేచి అక్క మంచం దగ్గరికి పోయి చూసి వచ్చేది. ఆ దీపావళికి సందులో లక్ష్మీబాంబు పేలితే అక్క ఉలిక్కిపడలేదు, పెద్దమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. "నాకేమైంది, యుద్ధంల ఉన్నది నేనా?" అని తనే సిగ్గుపడింది. డాక్టర్ దగ్గరికి పోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. బీపీ గోలీతో పాటు, మాట్లాడే మనిషి కూడా కావాలని ఆ డాక్టరమ్మే చెప్పింది.

కాబట్టి నేను చెప్పాలనుకునేది ఇది. అమ్మలు తట్టుకుంటారు, నిజం. కానీ తట్టుకోవడం అంటే నొప్పి లేకపోవడం కాదు. వాళ్ళు తట్టుకుంటారు కదా అని మనం పక్కకి తప్పుకుంటున్నాం. ఇంటికి దూరంగా ఉండే మనలాంటి వాళ్ళం కొన్ని పనులు చేయొచ్చు.

టైమ్ ఫిక్స్ చేసి మెసేజ్ పెట్టండి. "పొద్దున 8కి, రాత్రి 9కి పెడతా, మధ్యలో రాకపోతే సిగ్నల్ లేదనుకో" అని ముందే చెప్పండి. ఎప్పుడొస్తుందో తెలియని మెసేజ్ కంటే ఇది చాలా నయం. నిజం చెప్పండి, కానీ మీ నోటితో చెప్పండి, పక్కన కూర్చుని. బ్రేకింగ్ న్యూస్ మ్యూజిక్‌తో విననివ్వకండి. టీవీ వైరు పీకడం కంటే "రోజుకి రెండుసార్లు ఇద్దరం కలిసి చూద్దాం" అనడం మంచిది. వాళ్ళు చేసే పనుల్ని, పూజల్ని ఆ టైమ్‌లో ఎగతాళి చేయకండి, కుదిరితే పక్కన కూర్చుని రెండు గింజలు తీయండి. అంతా అయిపోయాక, అందరూ మర్చిపోయాక, "అప్పుడు నీకెట్లుండె అమ్మా?" అని ఒక్కసారి అడగండి. నిద్ర, తిండి తేడాగా ఉంటే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు చేయరు. మీరే డయల్ చేసి చేతికివ్వండి.

మా రూమ్‌మేట్ సంగతి చెప్పలేదు కదా. మే 9 రాత్రి నేను వాడికి పద్నాలుగు వాయిస్ మెసేజ్‌ల కథ చెప్పాను. వాడేం మాట్లాడలేదు. బాల్కనీలోకి పోయి ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది, వినిపించింది. "మమ్మీ, నువ్వు తిన్నవా?" అన్నాడు. అవతల ఏమన్నదో నాకు తెలియదు. కానీ ఆ కాల్ నలభై నిమిషాలు నడిచింది, వాడు ఎక్కువసేపు విన్నాడు, తక్కువ మాట్లాడాడు. మరుసటి రోజు సాయంత్రం కాల్పుల విరమణ వార్త వచ్చింది, రెండు రోజులకి వాళ్ళన్న ఫోన్ కలిసింది.

ఈ రోజు మెస్‌కి వెళ్ళే ముందు ఇంటికి ఒక కాల్ చేయండి. యుద్ధం ఏమీ లేదు కదా అనుకోకండి. ఈసారి వాళ్ళకంటే ముందు మీరే అడగండి.